‘పాస్ అవుట్’ అని ఎస్‌ఓపీలో రాయొచ్చా? అసలు ఆ మాటకు అర్థం ఏమిటి?

మెకానికల్24 · రాత్రి 9:05

అందరికీ నమస్కారం. 2024లో బీటెక్ అయిపోయింది. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసే వ్యాసం) మొదటి పేరాలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024’ అని రాశాను. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు అది చదివి వెంటనే ఫోన్ చేశాడు. "ఆ మాట తీసెయ్‌రా, నువ్వు స్పృహ తప్పి పడిపోయావని అనుకుంటారు" అన్నాడు.

నాకు అర్థం కానిదేంటంటే, ఇక్కడ ఎక్కడ చూసినా అదే మాట. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ‘పాసవుట్స్‌కి ప్రత్యేక బ్యాచ్’ అని ఉంటుంది. ఉద్యోగ ప్రకటనల్లోనూ అంతే. ఫేర్‌వెల్ రోజు మా ప్రిన్సిపల్ గారు స్టేజీ మీద అదే మాట అన్నారు. ఇంతమంది వాడే మాట తప్పెలా అవుతుంది? రేపు వీసా ఇంటర్వ్యూలో అడిగితే ఏమని చెప్పాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. నిజంగానే టెన్షన్‌గా ఉంది.

హిమాయత్‌నగర్ రీడర్ · 9:11

మీ అన్నయ్య చెప్పింది కరెక్ట్. ‘గ్రాడ్యుయేటెడ్’ అని మార్చేయండి, సరిపోతుంది.

పాతబస్తీ · 9:20

ఇంతమంది వాడేదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎట్లా అన్నా? మా గల్లీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు కూడా ‘పాస్ అవుట్ హోగయా’ అనే అంటారు. మా నాన్న అదే అన్నాడు, నేనూ అదే అంటున్నాను. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. భాష వినేవాడికి అందితే చాలు కదా. మనం ఇంట్లో, ఆఫీసులో రోజూ మాట్లాడే ఇంగ్లీషు తప్పని ఎవరో దూరం నుంచి తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

తార్నాక మేష్టారు · 9:58

మీరిద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఈ మాట మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. కాస్త నిదానంగా చెప్తాను.

‘పాస్ అవుట్’ లాంటివాటిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. క్రియ పక్కన అవుట్, అప్, ఆన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తాయి. ‘పాస్’ అర్థాన్నీ ‘అవుట్’ అర్థాన్నీ కూడుకుంటే ఆ కొత్త అర్థం రాదు. పైగా ఒకే జంటకు నాలుగైదు అర్థాలు ఉంటాయి. ఏ దేశంలో, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్నదాన్ని బట్టి అర్థం తేలుతుంది.

అమెరికాలో, బ్రిటన్‌లో మామూలు మనిషికి ఈ మాట వినగానే తట్టేది స్పృహ కోల్పోవడమే. ఎండదెబ్బకో, ఆకలికో, నొప్పికో, మందు ఎక్కువయ్యో కొద్దిసేపు పడిపోవడం. అది కూడా మాటల్లో వాడే మాటే. జాగ్రత్తగా రాసేచోట ‘ఫెయింట్’ అనో ‘లూజ్ కాన్షస్‌నెస్’ అనో రాస్తారు. డాక్టర్ల కాగితాల్లో ‘సింకపీ’ అని ఉంటుంది. ఈ అర్థం 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి వాడుకలో ఉంది.

బ్రిటిష్ వాడుకలో ఇంకో అర్థం ఉంది. సైన్యంలోనో పోలీసుల్లోనో చేరినవాడు శిక్షణ ముగించి బయటికి రావడం. బ్రిటిష్ డిక్షనరీల్లో ఈ అర్థం కనిపిస్తుంది, పక్కనే సైన్యానికి సంబంధించిందని సూచన ఉంటుంది. మనం కాలేజీకి వాడేది దీనికి దగ్గరి బంధువే. మన దగ్గర ఆ మాట పరేడ్ గ్రౌండు దాటి డిగ్రీ కాలేజీ దాకా వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోనూ ఇలాగే వాడతారు. తెలుగులో ‘పాసయ్యాడు’ అనే మాట ఎప్పటి నుంచో ఉంది కాబట్టి, పాసై బయటికి రావడం అనే భావానికి ఇది మన నోట ఇట్టే అతికింది. అందుకే దీన్ని తప్పు అనడానికి నాకు మనసొప్పదు. ఇది భారతీయ ఇంగ్లీషు వాడుక. తార్నాకలో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు, అదే ఇప్పటి ఇఫ్లూ. మన దేశపు ఇంగ్లీషుకు దాని దారి దానికి ఉందన్న స్పృహ ఈ ఊరికి కొత్తేమీ కాదు.

అయితే ఎస్‌ఓపీ చదివేది ఎవరు? అమెరికాలో అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్. ఆయనకు ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాల్సిన అవసరం కల్పించకూడదు. కాబట్టి అక్కడ ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ అని రాసి కాలేజీ పేరు రాయి. ‘ఫ్రమ్’ వదలకు. ‘ఐ యామ్ గ్రాడ్యుయేటెడ్’ అని కొందరు రాస్తారు, అది మాత్రం ఎక్కడా చెల్లదు. ఇంటర్ గురించి రాయాల్సి వస్తే ‘కంప్లీటెడ్’ అని రాయి. అమెరికాలో హైస్కూలుకు కూడా ‘గ్రాడ్యుయేట్’ వాడతారు గానీ బ్రిటన్‌లో ఆ మాట ఎక్కువగా డిగ్రీకే పరిమితం. ‘కంప్లీటెడ్’కు ఏ దేశంలోనూ ఇబ్బంది లేదు.

పాతబస్తీ · 10:06

మేష్టారూ, ఇట్లా చెప్తే ఒప్పుకుంటాను. తప్పు అనకుండా ఎక్కడ చెల్లుతుందో చెప్పారు.

బొల్లారం సుబేదార్ · 10:31

మేష్టారు గారు సైన్యం మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. రిటైరై సికింద్రాబాద్‌లోనే స్థిరపడ్డాను.

మన జంటనగరాల్లో పాసింగ్ అవుట్ పరేడ్‌లకు కొదవ లేదు. గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ ఉంది, సికింద్రాబాద్‌లో సైన్యానికే చెందిన ఈఎంఈ, ఏఓసీ శిక్షణ సెంటర్లు ఉన్నాయి. శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీ ఉంది. అది 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ ఐపీఎస్ ప్రొబేషనర్ల పరేడ్‌ని ‘దీక్షాంత్ పరేడ్’ అంటారు, మన పేపర్లు మాత్రం ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అనే రాస్తాయి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో అదే వేడుకను ‘కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్’ అంటారు. ఒకే ఊళ్ళో ఒకే రకం వేడుకకు మూడు పేర్లు చూడండి. ‘గ్రాడ్యుయేట్’ అనే మాట ఎయిర్‌ఫోర్స్ వాళ్ళే వాడుతుంటే బీటెక్ అబ్బాయి వాడడానికి సందేహం ఎందుకు?

ఇంకో సంగతి. ఈ మాటకున్న రెండు అర్థాలూ ఒకే గ్రౌండులో కనిపిస్తాయి. రిక్రూట్లు ఎండలో సావధాన్‌లో కదలకుండా చాలాసేపు నిలబడాలి. కాళ్ళు కదలకపోతే రక్తం కిందనే నిలిచిపోతుంది, మెదడుకు సరిగ్గా అందదు. ముందు చెవుల్లో హోరు, తర్వాత కళ్ళ ముందు మసక, ఆ తర్వాత మనిషి రైఫిల్‌తో సహా ముందుకు వాలిపోతాడు. అందుకని మోకాళ్ళు బిగదీయొద్దనీ, బూట్ల లోపల కాలి వేళ్ళు ఆడిస్తూ ఉండమనీ ఉస్తాద్‌లు ముందే నేర్పుతారు. బయటికి చూసేవాళ్ళకు మనిషి రాయిలా నిలబడ్డట్టే ఉంటాడు, లోపల వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన కుర్రాడే ముందు పడిపోతాడు. నేను నిలబెట్టిన ప్రతి స్క్వాడ్‌లోనూ టిఫిన్ చేశారా అని అడిగే గ్రౌండులోకి పంపేవాణ్ణి.

పరేడ్ అయ్యాక పిల్లల తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ పెడతారు. మహబూబ్‌నగర్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన తల్లి ఆ పతకం చీర మీద పెట్టుకుని కొడుకు పక్కన ఫొటో దిగుతుంది. ఆమెకు ‘పాసింగ్ అవుట్’ అంటే అదొక్కటే అర్థం.

మెహదీపట్నం సిస్టర్ · 10:52

సుబేదార్ గారు చెప్పిన చెవుల్లో హోరు, కళ్ళ ముందు మసక, ఇవే మేం పేషెంటును అడిగి తెలుసుకోవాల్సినవి. నేను స్టాఫ్ నర్సుని. యూకే వెళ్ళడానికి ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. ఎస్‌ఓపీ కంటే మా దగ్గర ఈ మాట బరువు ఎక్కువ. అందుకే కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, ఒక్కోటి సుమారు 5 నిమిషాలు. పేషెంటుగా నటించేవాళ్ళు పుస్తకంలో మాటలు మాట్లాడరు. ‘ఐ నియర్లీ పాస్డ్ అవుట్ ఇన్ ద షవర్’ అంటారు. మన అమ్మాయిలకు చిన్నప్పటి నుంచి ‘పాస్ అవుట్’ అంటే చదువు అయిపోవడం. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు గానీ ఒక్క క్షణం తడబడతారు. ఆ తడబాటులో అడగాల్సిన ప్రశ్న జారిపోతుంది.

నిజం పేషెంటు ముందు ఇది ఇంకా ముఖ్యం. తెలుగులో మనవాళ్ళు ‘కళ్ళు తిరిగాయి’ అంటారు. అందులో రెండున్నాయి. తల తిరిగినట్టయి గోడ పట్టుకుని నిలబడ్డారా, లేక నిజంగా పడిపోయి కాసేపు ఏమీ తెలియలేదా? మొదటిది ‘డిజీ’, రెండోది ‘పాస్డ్ అవుట్’. కేస్‌షీట్‌లో ఒకదాని బదులు ఇంకోటి రాస్తే డాక్టరు ఆలోచించే దారే మారిపోతుంది. ‘మూర్ఛపోయాడు’ అన్నా అంతే. కొందరు స్పృహ తప్పడానికి అంటారు, కొందరు ఫిట్స్‌కి అంటారు.

అందుకే నేను ఇలా అడుగుతాను. పడిపోయే ముందు చెమటలు పట్టాయా, వికారంగా ఉందా, చూపు మసకబారిందా? పడిపోయినప్పుడు పక్కన ఎవరైనా చూశారా? చేతులు కాళ్ళు కొట్టుకున్నాయా, నాలుక కరుచుకున్నారా? లేచాక వెంటనే మనుషుల్ని గుర్తుపట్టారా, చాలాసేపు అయోమయంగా ఉన్నారా? తలకు దెబ్బ తగిలిందా? మామూలుగా సొమ్మసిల్లినవాళ్ళు పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తిపెడితే త్వరగా తేరుకుంటారు. పరిగెడుతూనో బరువు మోస్తూనో ఏ సూచనా లేకుండా పడిపోయారంటే మాత్రం గుండె సంగతి చూడాలి, అక్కడ ఆలస్యం చేయకూడదు.

విదేశానికి వెళ్ళే మన పిల్లలందరికీ ఒక మాట. కాలేజీలో మీ రూమ్మేట్ ‘షీ పాస్డ్ అవుట్!’ అని అరిస్తే అది ఎవరి డిగ్రీ గురించో కాదు. వెంటనే పరిగెత్తి సాయం చేయండి.

రాయదుర్గం నైట్‌షిఫ్ట్ · 11:15

సిస్టర్ గారి పోస్టు మా టీమ్ గ్రూప్‌లో పెడుతున్నాను, చాలా అవసరమైన సంగతి.

ఐటీ వైపు నుంచి ఇంకో వాడుక. రిలీజ్ అయిన మర్నాడు అమెరికాలో ఉన్న కొలీగ్ చాట్‌లో ‘సారీ, పాస్డ్ అవుట్ ఆన్ ద కౌచ్ లాస్ట్ నైట్’ అని పెట్టాడు. ఇక్కడ మా లీడ్ అది చూసి కంగారుపడి, హాస్పిటల్‌కి వెళ్ళారా అని ఫోన్ చేసింది. అతను చెప్పింది ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానని. అలసిపోయి ఎక్కడ కూర్చుంటే అక్కడే పడి నిద్రపోవడానికి కూడా ఈ మాటే వాడతారు. మన ‘పడి నిద్రపోయాను’ లాంటిదే. నైట్‌షిఫ్ట్ చేసేవాళ్ళకు ఇది రోజూ పనికొచ్చే మాట.

‘బ్లాక్ అవుట్’ వేరు. మందు సందర్భంలో అయితే తాగిన మనిషి మెలకువగానే ఉంటాడు, తిరుగుతాడు, మాట్లాడతాడు, మర్నాడు ఏదీ గుర్తుండదు. అది ‘బ్లాక్డ్ అవుట్’. అక్కడే ఒరిగిపోతే ‘పాస్డ్ అవుట్’. మామూలు మాటల్లో మాత్రం స్పృహ తప్పడానికి ‘బ్లాక్డ్ అవుట్’ అనేవాళ్ళూ ఉన్నారు.

సివిల్ 2020–24 · 11:22

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా బ్యాచ్ 2020–24. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండి 2025లో క్లియర్ అయింది. నేను ఏ సంవత్సరం పాసవుట్? ఒక కంపెనీ ఫారంలో 2024 పెట్టాను, ఇంకోదాంట్లో 2025 పెట్టాను. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

మాదాపూర్ రిక్రూటర్ · 11:40

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. మేం ‘2024 పాసవుట్’ అన్నప్పుడు చూసేది ఇయర్ ఆఫ్ పాసింగ్. ఫారంలో వైఓపీ అని ఉండేది అదే. అన్ని సబ్జెక్టులూ క్లియర్ అయిన సంవత్సరం రాయాలి. నీ పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) తీసి చూడు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో) కూడా చూడు. అందులో ఉన్నదే నీ సంవత్సరం, అంటే 2025. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్టుతోనే పోల్చి చూస్తారు. 2024 అని పెట్టిన కంపెనీకి రేపే మెయిల్ రాసి సరిచేయించుకో. ముందుగా మనమే చెప్తే ఎవరూ తప్పు పట్టరు. బ్యాచ్ అడిగితే 2020–24 అనే చెప్పు, అదీ నిజమే. ఎస్‌ఓపీలో రాసినా అంతే. చదువు నడిచిన కాలం వేరు, డిగ్రీ చేతికొచ్చిన సంవత్సరం వేరు.

మొదటి ప్రశ్న అడిగిన తమ్ముడికి కూడా ఒక మాట. ఇక్కడి ఉద్యోగాలకు పంపే రెజ్యూమెలో నువ్వు ‘పాసవుట్’ అని రాసినా మాకు ఏ ఇబ్బందీ లేదు. ప్రకటనలు పెట్టేది మేమే కదా. కాకపోతే ఆ రెజ్యూమె హైదరాబాద్ ఆఫీసు నుంచి లండన్ మేనేజరుకు పోతుంది, ఆస్టిన్‌కు పోతుంది. ‘బీటెక్, 2024’ అని ఊరికే రాస్తే చాలు, క్రియే అక్కర్లేదు. నేను చూసే మంచి రెజ్యూమెల్లో చాలామంది అలాగే రాస్తారు.

కొండాపూర్ టీచరమ్మ · ఉదయం 7:10

మేష్టారు గారు రెండు అర్థాల దగ్గర ఆగారు. ఇంకోటి మా స్కూల్లో రోజూ వినపడుతుంది. మా స్కూల్లో ఒక అమెరికన్ టీచరు ఉన్నారు. క్లాసు లీడరుతో ‘ప్లీజ్ పాస్ అవుట్ ద వర్క్‌షీట్స్’ అంటారు. అంటే అందరికీ పంచిపెట్టమని. మనం ‘డిస్ట్రిబ్యూట్’ అంటాం, బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా ‘హ్యాండ్ అవుట్’, ‘గివ్ అవుట్’ అంటారు.

ఈ అర్థంలో మాత్రమే వెనక వస్తువు పేరు వస్తుంది, మధ్యలో కూడా దూరుతుంది. ‘పాస్ దెమ్ అవుట్’ అంటారు గానీ ‘పాస్ అవుట్ దెమ్’ అనరు. స్పృహ తప్పడం అనే అర్థంలో వెనక ఏ వస్తువూ రాదు. పిల్లలకు నేను ఇదే గుర్తు చెప్తాను: పక్కన పేపర్లో పుస్తకాలో ఉంటే పంచడం, మనిషి ఒక్కడే ఉంటే పడిపోవడం.

వనస్థలిపురం · 7:32

‘పాస్ అవే’తో కలిపేసేవాళ్ళు కూడా ఉన్నారు. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఒకాయన వాళ్ళ తాతగారు పోయారని చెప్పబోయి ‘పాస్డ్ అవుట్’ అని పెట్టారు. విదేశాల్లో ఉన్న వాళ్ళ పిల్లలు ఆస్పత్రి పేరు అడుగుతూ ఫోన్లు చేశారు. చనిపోవడానికి ‘పాస్డ్ అవే’ అనే అనాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇలాంటి తికమక రాకూడదు.

తార్నాక మేష్టారు · 8:05

టీచరమ్మ గారు మంచి గుర్తు చెప్పారు, నేను మర్చిపోయినదాన్ని పూరించారు. పలికేటప్పుడు ఊనిక ‘అవుట్’ మీద పడుతుందని కూడా మీ పిల్లలకు చెప్పండి. మనవాళ్ళు ‘పాస్’ని నొక్కి పలుకుతారు, దాంతో వినేవాళ్ళకు పరీక్ష పాసవడమే గుర్తొస్తుంది.

మెకానికల్24 · 8:40

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడు ఇలా మార్చాను: ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ మే 2024 విత్ ఎ బ్యాచిలర్స్ డిగ్రీ ఇన్ మెకానికల్ ఇంజనీరింగ్’. కాలేజీ పేరు పక్క వాక్యంలో ఉంది. రికమెండేషన్ లెటర్ ఇచ్చే సార్ కూడా ‘పాస్డ్ అవుట్ విత్ డిస్టింక్షన్’ అని రాశారు. ఆయనకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

తార్నాక మేష్టారు · 8:52

వాక్యం బాగుంది. మీ సారుకి డ్రాఫ్ట్ తీసుకెళ్ళి, "సార్, అమెరికా వాళ్ళకు ఈ మాట వేరే అర్థమిస్తుందట, గ్రాడ్యుయేటెడ్ అని మార్చమంటారా?" అని అడుగు. విద్యార్థి మేలు కోరి లెటర్ రాసే గురువు కాదనడు. నా దగ్గరికి ఎంతోమంది అలా వచ్చారు, ఒక్కరి మీదా కోపం రాలేదు.

హిమాయత్‌నగర్ రీడర్ · 9:03

వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. కాన్సులేట్ బేగంపేటలో ఉన్నప్పుడు మా అక్క వెళ్ళింది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారాక నేను వెళ్ళాను. రోజంతా మనవాళ్ళతోనే మాట్లాడే ఆఫీసర్లు వాళ్ళు. ఈ ఒక్క మాటతో వీసా పోతుందని భయపడాల్సిన పనిలేదు. ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2024’ అని రెండు రోజులు నోటికి అలవాటు చేసుకో, అక్కడ అదే వస్తుంది. వాళ్ళకు కావాల్సింది ఏం చదవబోతున్నావు, డబ్బు ఎవరు కడుతున్నారు అన్నది. ఆ జవాబుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు.

సివిల్ 2020–24 · 9:15

రిక్రూటర్ మేడమ్, మెయిల్ పంపేశాను. పీసీ స్కాన్ కూడా జత చేశాను.

పాతబస్తీ · 9:21

సిస్టర్ గారూ, ఒక్క డౌటు. స్పృహ తప్పడం ‘పాస్ అవుట్’ అయితే, మళ్ళీ స్పృహలోకి రావడాన్ని ఏమంటారు? మా చెల్లెలు కూడా నర్సింగ్ చదువుతోంది, చెప్పాలి.

మెహదీపట్నం సిస్టర్ · 9:48

బ్రిటన్‌లో ‘కమ్ రౌండ్’, అమెరికాలో ‘కమ్ టు’ ఎక్కువగా వినిపిస్తాయి. ‘షీ కేమ్ రౌండ్ ఆఫ్టర్ ఎ మినిట్’ అంటే నిమిషంలో తేరుకుందని. ‘కమ్ టు’ అన్నప్పుడు ‘టు’ని గట్టిగా పలకాలి, లేకపోతే ఎక్కడికి వచ్చిందని అడిగినట్టు ఉంటుంది. పేషెంటు ‘వెన్ ఐ కేమ్ టు, ఐ వాజ్ ఆన్ ద ఫ్లోర్’ అన్నారనుకోండి, ఆ వాక్యాన్ని అలాగే కేస్‌షీట్‌లో రాసుకోమని మీ చెల్లెలికి చెప్పండి. కింద పడ్డారని, మధ్యలో కొంతసేపు ఏమీ తెలియలేదని, రెండూ అందులోనే ఉన్నాయి. తర్వాత అడగాల్సింది ఎంతసేపని. ‘హౌ లాంగ్ వర్ యు అవుట్?’ అంటే చాలు, అక్కడ ‘పాస్డ్’ కూడా అక్కర్లేదు.